పాల లెక్క రాసిన కాగితం

కొలనోస్కోపీకి, అంటే పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్షకు, వెళుతున్నానని బయట ఎవరికీ చెప్పలేదు. పెరంబూరులో మా వీధివాళ్లు అడిగితే కంటి పరీక్ష అన్నాను. మా పెద్దన్నయ్యకు 52 ఏళ్లకే పెద్దపేగు క్యాన్సర్ వచ్చింది కాబట్టి నాకూ తప్పలేదు. రెండు లీటర్ల మందునీళ్లు తాగి రాత్రంతా మరుగుదొడ్డికి కాపలా కాయడమే కష్టం. అసలు పరీక్ష మత్తులోనే అయిపోయింది. పేగు లోపలి గోడ మీద ఎనిమిది మిల్లీమీటర్ల పాలిప్, అంటే చిన్న కండ, కనిపిస్తే తీగ ఉచ్చుతో కోసేశారట. సాయంత్రం ఇంట్లో పెరుగన్నం తిన్నాను. ఆసుపత్రివాళ్లు ఇచ్చిన కాగితం వెనకవైపు ఖాళీగా ఉందని మా ఆవిడ ఆవిన్ పాల ప్యాకెట్ల లెక్క రాసుకోవడం మొదలుపెట్టింది.

తొమ్మిదో రోజు రాత్రి చలి పుట్టింది. దుప్పటి కప్పుకుంటే పోయే చలి కాదు. మంచం కోళ్లు గచ్చు మీద టకటకా కొట్టుకున్నాయి. తెల్లవారేసరికి తలగడ చెమటతో ముద్దయింది. నవంబరు వానల్లో చెన్నైలో జ్వరమంటే ముందు డెంగీయే గుర్తొస్తుంది. వీధి చివరి క్లినిక్ డాక్టరు ఆ పరీక్ష చేయించి, డెంగీ కాదని తేల్చి, పారాసిటమాల్ రాశారు.

"ఈమధ్య ఆపరేషన్లు, పరీక్షలు ఏమైనా జరిగాయా?" అని ఆయన అడిగారు. "లేదండీ" అన్నాను. అబద్ధమాడాలని కాదు. అయిపోయిన పని, పైగా నలుగురు కూర్చున్న చోట ఆ మాట ఎత్తడానికి సిగ్గు.

కుడి భుజం ఒకటే లాగుతుండేది. ఆవిడ రోజూ అమృతాంజనం మర్దనా చేసేది. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు తెచ్చిన ఆ పసుపు మందు మా ఇంట్లో సర్వరోగ నివారిణి. పాపం, నొప్పి పుట్టిన చోటు భుజం కాదని దానికేం తెలుసు!

నాలుగు రోజులకు లేవలేక ఆసుపత్రిలో చేరాను. రక్తంలో తెల్లకణాలు 19,000కి పెరిగాయి. అల్ట్రాసౌండ్ చేస్తున్న డాక్టరమ్మ చేయి కుడి పక్కటెముకల కింద ఆగిపోయింది. కాలేయంలో ఏడు సెంటీమీటర్ల చీముగడ్డ.

"కల్లు తాగుతారా?" అని అడిగింది.

నాకు ఒళ్లు మండింది. తమిళనాడులో 1987 నుంచి కల్లు అంగళ్లే లేవు కదా! తర్వాత అర్థమైంది. మన దగ్గర కాలేయంలో గడ్డ కనిపిస్తే ముందు అమీబా అనే సూక్ష్మజీవిని అనుమానిస్తారు, కల్లు తాగేవారిలో అది ఎక్కువ.

అప్పుడు మా ఆవిడ నోరు విప్పింది. "ఆయన చెప్పరు గానీ డాక్టర్ గారూ, రెండు వారాల కిందట పేగులో గొట్టం పెట్టి ఏదో కోశారు."

గది ఒక్కసారిగా కదిలినట్టయింది. మరో ఇద్దరు డాక్టర్లు వచ్చారు. పేగుల నుంచి బయలుదేరిన రక్తం పోర్టల్ సిర గుండా ముందు కాలేయానికే చేరుతుందట. పాలిప్ తెగిన చోట పేగులోని బ్యాక్టీరియా ఆ దారి పట్టి ఉండవచ్చునని, పదేళ్ల నా షుగరు వాటికి చోటిచ్చి ఉంటుందని పెద్ద డాక్టరు చెప్పారు. "అదే కారణమని ఒట్టు వేయలేను. ఇలా జరగడం చాలా అరుదు. అందుకే పరీక్షకు ముందు అందరికీ యాంటీబయాటిక్ ఇవ్వం" అన్నారు. భుజం సంగతీ తేలింది. కాలేయం పైనున్న డయాఫ్రమ్ అనే ఊపిరి కండరానికి నరం మెడ నుంచి దిగుతుంది కాబట్టి అక్కడి మంట భుజంలో పలుకుతుంది.

పక్కటెముకల మధ్య నుంచి సన్నని గొట్టం వేశారు. అమీబా గడ్డయితే చాక్లెట్ రంగులో వస్తుందట. నా సంచిలోకి గంధం కలిపిన మజ్జిగలాంటిది దిగింది, మొదటి రోజే 150 మిల్లీలీటర్లు. నేను కళ్లు మూసుకున్నాను. ఆవిడ మాత్రం పాలు కొలిచినంత శ్రద్ధగా రోజూ గీత చూసి నర్సుకు చెప్పేది. చీములోని క్రిములను పెంచి చూసే కల్చర్ పరీక్షలో క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా అని వచ్చింది. రెండు వారాలు నరంలోకి మందు, తర్వాత నాలుగు వారాలు మాత్రలు, ఇన్సులిన్. పదకొండో రోజు గొట్టం తీశారు.

ఇంటికి వచ్చాక ఆ కాగితం తిప్పి చూశాను. ఆఖరి వరుసలో, చిన్న అక్షరాల్లో, జ్వరం వస్తే వెంటనే రమ్మని ఉంది. పొట్టనొప్పి, రక్తం అన్న మాటల దాకా చదివి ఆపేశానన్న మాట. వెనకవైపు పాల లెక్కలో పద్దెనిమిది రోజులు ఖాళీ.

పాలిప్ అడినోమా అని రిపోర్టు వచ్చింది. వదిలేస్తే ఏళ్ల మీద క్యాన్సర్‌గా మారగల రకం. అయిదేళ్లకు మళ్లీ కొలనోస్కోపీ. ఆ సంవత్సరం కూడా ఆవిడ అక్కడే రాసింది, పాల లెక్క కింద, రెండు గీతలు గీసి.