మామిడి కొమ్మ కింద కారు, మూడు కవర్లు

2023 సంక్రాంతికి వారం ముందు, ఒక శనివారం పొద్దున కారు డోరు తీయబోతే చెయ్యి హ్యాండిల్‌కి అతుక్కుంది. టాపు మీద, అద్దాల మీద, బానెట్ మీద అంతా సన్నటి జిగట చుక్కలు. ఎవరో చక్కెర పాకం చిలకరించి పోయినట్టు ఉంది. వైపర్ వేస్తే అద్దం మీద చుక్కలు కాస్తా చారలయ్యాయి.

అప్పటికి ఆ కారు కొని మూడు నెలలు. సెకండ్ హ్యాండ్, ఎర్ర రంగు. మా ఆయనకు బెంగళూరులో ఉద్యోగం. శుక్రవారం రాత్రి బస్సెక్కి వస్తాడు, ఆదివారం రాత్రి వెళ్ళిపోతాడు. నేను తిరుపతిలోనే ఒక కాలేజీలో పాఠాలు చెబుతాను. నాకు స్కూటీ చాలు. కాబట్టి వారంలో ఐదు రోజులు కారు ఎం.ఆర్.పల్లిలో మేం అద్దెకుండే ఇంటి ముందు ఊరికే నిలబడి ఉంటుంది. పోర్టికోలో ఓనరమ్మ వాళ్ళ కారు. వీధిలో నీడ ఉన్నది ఒక్కచోటే, ఓనరమ్మ కాంపౌండు గోడ దాటి వచ్చిన మామిడి కొమ్మ కింద. అది మాకు దొరికిందని సంబరపడ్డాం.

పండగకు మా మామయ్య దామలచెరువు నుంచి వచ్చాడు. ఆయనకు అక్కడ నాలుగెకరాల తోట ఉంది. కారు చుట్టూ ఒకసారి తిరిగి, వేలితో గీకి, వాసన చూసి, పైకి పూత వంక చూశాడు.

"ఇది చెట్టు పాలు గాదమ్మా. తేనెమంచు."

మామిడి పూత వచ్చే రోజుల్లో తేనెమంచు పురుగులు లేత ఆకుల్లో, పూకాడల్లో రసం పీల్చి, తియ్యటి జిగురు వదులుతాయట. అది కింది ఆకుల మీద పడితే దాని మీద నల్లగా మసి పడుతుంది. మా కారు కూడా ఆయన లెక్కలో ఒక కింది ఆకు. పూత మీద మందు కొడితే పోతుందన్నాడు. ఓనరమ్మను అడిగితే, "ఇంట్లో పిల్లోళ్ళు తినే కాయలకు మందు కొట్టమమ్మా" అంది. ఆ మాటకు ఎదురు చెప్పడానికి నాకేం దొరకలేదు.

వాటర్ వాష్‌కి 400 ఇచ్చాం. నాలుగు రోజులకు మళ్ళీ అదే పాకం. అప్పుడు కవరు కొన్నాం.

మొదటిది టఫెటా. గొడుగు గుడ్డలా పల్చగా ఉంటుంది, పైన వెండి పూత. 700 రూపాయలు. కార్ డెకార్స్ షాపు కుర్రాడు "వాటర్‌ప్రూఫే మేడమ్" అని ఒక చెంబెడు నీళ్ళు పోసి చూపించాడు. ఆ చెంబును నమ్మి తెచ్చుకున్నాను. రెండు మూడు నెలలు హాయిగా గడిచింది. తేనెమంచు కవరు మీదే ఉండిపోయేది, పిట్టల రెట్టలూ దాని మీదే. రెట్టను తక్కువగా చూడకూడదని నాకు అప్పట్లో తెలీదు. అందులో యూరిక్ ఆమ్లం ఉంటుంది. ఎండకు పెయింటు వేడెక్కి మెత్తబడినప్పుడు అది దిగబడి, తుడిచినా పోని మచ్చ మిగులుతుంది. మా టాపు మీద అలాంటివి రెండున్నాయి, కవరు కొనకముందువి.

మే నెలలో ఒక రాత్రి కవరు తీసి చూస్తే, వీధి దీపం వెలుగులో బానెట్ మీద సాలెగూడు కనిపించింది. సన్నటి గీతలు, గుండ్రంగా, ఒకదాని మీద ఒకటి. పగలు కనిపించవు. ఎవరైనా గోకారేమో అనుకున్నాం. ఆ శనివారమే ఒక టింకరింగ్ షాపుకు తీసుకుపోయాం. పెయింటర్ గోరుతో అడ్డంగా గీసి చూశాడు. గోరు ఎక్కడా తగులుకోలేదు. తగులుకుంటే గీత లోతుగా దిగినట్టు. తగులుకోకపోతే పైన ఉండే క్లియర్ కోట్ అనే రంగులేని పొరలోనే ఉన్నట్టు.

"కవరేస్తారా మేడమ్?"

"వేస్తాం. అందుకే కదా ఆశ్చర్యంగా ఉంది."

"కడిగి వేస్తారా, అట్నే వేస్తారా?"

అక్కడ దొరికిపోయాం. ఆదివారం సాయంత్రం కాళహస్తికో కాణిపాకానికో పోయి వస్తాం. అప్పటికే మా ఆయనకు బస్సు టైమవుతుంది. దుమ్ము కొట్టుకున్న కారు మీద గబగబా కవరు లాగి, తాడు బిగించి, బ్యాగు భుజానేసుకుని పరుగు. ఆ ఎండాకాలం మా వీధిలో పైపులకని రోడ్డు తవ్వి మూడు నెలలు అలాగే వదిలేశారు. ఆటో పోయినా ఎర్రమట్టి లేచేది. సాయంత్రం గాలి మొదలైతే కవరు పటపటా కొట్టుకుంటుంది, కింద ఇసుక, పైన గుడ్డ. "దుమ్ము మీద కవరంటే వాటర్ పేపర్ పట్టినట్టే మేడమ్, కాకపోతే నిదానంగా పడతాది" అన్నాడు. వాటర్ పేపరంటే పెయింటు రుద్దే గరుకు కాగితం. పెయింటు నాలుగు పొరలట. ఇనుము తుప్పు పట్టకుండా ఒకటి, దాని మీద ప్రైమర్, దాని మీద రంగు, అన్నిటికన్నా పైన క్లియర్ కోట్. ఆ పైది నలభై యాభై మైక్రాన్లే. తల వెంట్రుక దానికన్నా మందం. పాలిష్ పడితే గీతలు పోతాయి, కానీ పట్టిన ప్రతిసారీ ఆ పొరలోంచి కాస్త పోతుంది. 2,500 ఇచ్చి పట్టించాం. ఇది ఏటేటా చేయించుకునే పని కాదని ఆయనే చెప్పాడు. బేరం పోతుందని తెలిసీ చెప్పినందుకు ఆయన మాట మీద నాకు గురి కుదిరింది.

ఆగస్టుకల్లా టఫెటా కథ ముగిసింది. వెండి పూత పొడిగా రాలి చేతికి, కారుకు అంటుకునేది. కుట్ల దగ్గర పిగిలింది. పారేయబుద్ధి కాక సగం కత్తిరించి స్కూటీకి వేశాను. కాలేజీ నుంచి వచ్చిన ఐదు నిమిషాలకే వేశాను. సైలెన్సర్ దగ్గర అరచేయంత బొక్క పడింది, కరిగిన గుడ్డ సైలెన్సర్‌కి అతుక్కుని నెల రోజులు కాలిన వాసన. కెమిస్ట్రీ చెప్పే మనిషిని. ఇది ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

రెండో కవరుకు డబ్బు బాగా పెట్టాలనుకున్నాం. సెప్టెంబరులో 2,400 పెట్టి మందపాటి రబ్బరు లాంటి షీటుతో చేసింది తెచ్చాం. ఈసారి నిజంగానే ఒక్క చుక్క దిగదు. మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా. 2021 నవంబరు వరదలో తిరుపతి వీధుల్లో బండ్లు కొట్టుకుపోవడం చూసినవాళ్ళం, వానంటే భయం ఉంది. వరద నీళ్ళకు కవరు ఏం చేస్తుందని ఒక్క నిమిషం ఆలోచించినా ఆ 2,400 మిగిలేవి.

డిసెంబరు మొదట్లో మిచాంగ్ తుపాను వచ్చింది. ఆ వారాంతం మా ఆయనను రావద్దన్నాను. నవంబరు 26న వేసిన కవరు డిసెంబరు 9న తీశాం. పదమూడు రోజులు. తీయగానే గుప్పున వాసన, తడి గుడ్డలు మూటకట్టి మరిచిపోతే వచ్చే వాసన. పైనుంచి నీళ్ళు పడలేదు, నిజమే. కానీ నేలలోంచి లేచిన చెమ్మ కవరు లోపల పట్టి, బయటికి పోయే దారి లేక చుక్కలై కారు మీదే కూర్చుంది. బానెట్ మీద తెల్లటి మచ్చలు, సీట్ల మీద బూజు. వెనక చక్రాలు కదలలేదు. హ్యాండ్ బ్రేక్ వేసి పెట్టాం కదా, చెమ్మకు పట్టేసింది. ముందుకీ వెనక్కీ ఊపి ఊపి, చివరికి టక్కున వదిలింది. సరే పోదామని స్టార్ట్ చేస్తే ఏదో లైటు వెలిగింది. బానెట్ ఎత్తి చూస్తే మామిడాకులు, కొబ్బరి పీచు, చింపిన దూది. ఎలుక కాపురం పెట్టింది. రెండు వైర్లు, అద్దం కడిగే నీళ్ళ పైపు కొరికేసింది.

మెకానిక్ నవ్వాడు. "చీకటి, వెచ్చదనం, పైన ఇల్లు మీరే కప్పినారు. దానికింకేం గావాల?" బానెట్ కింద పొగాకు కాడలు కట్టమన్నాడు. కలరా ఉండలు కూడా పెట్టొచ్చుగానీ ఏసీ వేస్తే వాసన లోపలికి వస్తుందన్నాడు. పొగాకు కట్టాను. పని చేసిందో, ఎలుకే ఇల్లు మారిందో గానీ మళ్ళీ రాలేదు. ఇంకో మాట కూడా చెప్పాడు, అది ఇప్పటికీ పాటిస్తున్నాం. ఎక్కువ రోజులు నిలబెట్టాలంటే హ్యాండ్ బ్రేక్ వద్దు. చదునుగా ఉన్న చోట ఫస్ట్ గేరులో పెట్టి, టైరు కింద రాయి వేస్తే చాలు.

ఆ కవరుతో ఇంకో రాత్రి జరిగింది, చెప్పకపోతే ఈ కథ సగమే. జనవరి చలిలో, మా ఆయన ఊళ్ళో లేనప్పుడు, రాత్రి ఒంటిగంటకు పాపకు జ్వరం 104 దాటింది. పాపను అత్తమ్మ ఎత్తుకుని నిలబడింది. నేను ఫోన్ లైటు నోట్లో పెట్టుకుని, గాలికి లేవకుండా ఆయన కారు కడుపు కిందుగా బిగించిన నైలాన్ తాడు ముడి విప్పుతున్నాను. మంచుకు తడిసి బిగుసుకుంది. చివరికి వంటింటి కత్తి తెచ్చి కోశాను. హాస్పిటల్లో అంతా బాగానే అయింది. ఆ వారం ఆయన వచ్చాక కోసిన తాడు చూపించి, ఇక ఈ ఇంట్లో ముడి అనే మాట వద్దన్నాను.

మూడో కవరు నేనే ఎంచుకున్నాను. లోపల మెత్తటి కాటన్ లాంటి గుడ్డ, పైన కాస్త గాలి ఆడే మెటీరియల్. కింద నొక్కితే ఊడే ప్లాస్టిక్ బకిల్. ఇనుప క్లిప్పులున్నవి చూపించారు, వద్దన్నాను. గాలికి అది డోరుకు కొట్టుకుంటే ఇంకో గీత. 3,200 అయింది. ఇది వాటర్‌ప్రూఫ్ కాదని షాపతనే చెప్పాడు, ఏదో తప్పు ఒప్పుకున్నట్టు. గట్టి వానకు నీళ్ళు లోపలికి వస్తాయి. అయితే ఏం? వచ్చినవి ఆరిపోతాయి.

అసలు కారు వానలో తడిస్తే ఏమవుతుంది? వానలో తడవడానికే చేశారు దాన్ని. రెండో కవరు మీద మేం పెట్టిన డబ్బంతా కారుకు లేని జబ్బుకు పెట్టిన మందు. కారును పాడుచేసేది ఎండ, రెట్టలు, ఆ తేనెమంచు. ఎర్ర రంగైతే ఎండకు ఇంకా తొందరగా వెలిసిపోతుంది. హెడ్‌లైట్ల ప్లాస్టిక్ పచ్చబడేదీ ఎండకే. అందుకని ఇప్పుడు మా ఇంట్లో లెక్క మీరు అనుకునే దానికి తిరగేసి ఉంటుంది. జనవరి నుంచి ఎండలు తగ్గేదాకా కవరు ఉంటుంది. అక్టోబరు, నవంబరు, డిసెంబరు కారు ఒట్టిదే, వానలో. వీధిలో వాళ్ళు వింతగా చూస్తారు.

కవరు వేస్తే కారు లోపల చల్లగా ఉంటుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. మే నెల మధ్యాహ్నం తీసి చూశాను. స్టీరింగు పట్టుకోగలిగేంత ఉంది, డ్యాష్‌బోర్డు కాలలేదు, అంతే. లోపల గాలి మాత్రం పొయ్యి మీద మూత తీసినట్టే ఉంది.

వేసే ముందు కారు కడగడం తప్పనిసరి. ఆదివారం ఆలస్యమైతే ఆ రాత్రికి కవరు వేయం. సోమవారం పొద్దున నేనే ఒక బకెట్ నీళ్ళతో కడిగి, మెత్తటి గుడ్డతో తుడిచి, ఆరాక వేస్తాను. ఇరవై నిమిషాలు పడుతుంది. బండి చల్లారాకే వేస్తాను, స్కూటీ నేర్పిన పాఠం. తీసేటప్పుడు రెండు పక్కలూ టాపు మీదికి మడిచి, వెనక నుంచి ముందుకు చాప చుట్టినట్టు చుడతాను. అలా చేస్తే దుమ్ము ఉన్న పైవైపు పైవైపుతోనే కలుస్తుంది, కారుకు తగిలే లోపలివైపు శుభ్రంగా ఉంటుంది. ఇది తెలియక మొదటి ఏడాదంతా కవరును చీరలా విదిలించి నేలమీద పడేసేవాళ్ళం. నేలమీది ఇసుకంతా మర్నాడు బానెట్ మీదికి.

మా స్టాఫ్‌రూమ్‌లో ఒకామె అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పెట్టే కారుకు కవరు కొనాలా అని అడిగింది. రోజూ తీస్తావా అన్నాను. తీస్తానంది. అయితే వద్దన్నాను. ఎండ లేదు, పిట్టల్లేవు, రోజూ రెండుసార్లు గుడ్డ ఈడ్చడమే మిగులుతుంది.

2024 జూన్‌లో కరెంటోళ్ళు వచ్చి తీగలకు తగులుతోందని ఆ మామిడి కొమ్మను మొదటికంటా నరికేశారు. అప్పటికి కాయ కోత అయిపోయింది, ఓనరమ్మ ఏమీ అనలేదు. తేనెమంచు పోయింది, నీడ కూడా పోయింది. ఆ తర్వాతి సంక్రాంతికి నేను కవరు బయటికి తీస్తుంటే ఓనరమ్మ గేటు దగ్గర నిలబడి, "చెట్టు లేదు గదమ్మా, ఇంకెందుకు?" అంది. పైకి చూపించాను. కొమ్మ ఉన్నచోట ఇప్పుడు ఆకాశం, పొద్దున తొమ్మిదికే కళ్ళు చిట్లించాల్సిన ఎండ.

మూడో కవరుకు ఎడమవైపు సైడ్ మిర్రర్ దూరే జేబు మొన్న పిగిలింది. చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి తీసుకుపోతే అరవై రూపాయలకు రెండు వరసలు కుట్టిచ్చి, గుడ్డను వేళ్ళ మధ్య నలిపి చూసి, "ఈ ఎండాకాలం గడుస్తాది" అన్నాడు.