ఎన్ని గీతలు?

పాపకి ఈరోజుతో 42 రోజులు. ఆశా అక్క చివరిసారి వచ్చి తూకం చూసి వెళ్ళింది. ఆమె గడప దాటగానే ఏడుపొచ్చేసింది, ఈసారి సంతోషంతో.

సిజేరియన్ అయ్యి కావలిలో అమ్మ వాళ్ళింటికి వచ్చేసరికే చనుమొనలు పగిలిపోయి ఉన్నాయి. పాప నోరు తగిలితే చాలు, నిప్పు పెట్టినట్టు మంట. ఆసుపత్రిలో ఎవరూ పక్కన కూర్చుని చూపించలేదు. "పాలు పడలేదు, డబ్బా పాలు పట్టండి" అన్నారంతే. చూడ్డానికొచ్చిన చుట్టాలదీ అదే మాట. అది ఎంత గుచ్చుకుంటుందో బాలింతకే తెలుసు.

ఏడో రోజు అక్క వచ్చింది. మంచం మీద నా పక్కనే కూర్చుని, "ఏదీ, పట్టమ్మా చూద్దాం" అంది. పాప మొన చివర మాత్రమే పట్టి లాగుతోంది. దాని నోటి మూలలో నా చిటికెన వేలు పెట్టించి మెల్లగా విడిపించింది. దాని పొట్ట నా పొట్టకి ఆనేలా తిప్పి, నోరు బాగా తెరిచేదాకా ఆగి, అప్పుడు దగ్గరికి హత్తించింది. గడ్డం రొమ్ముకి ఆనింది, కింది పెదవి బయటికి మడతపడింది. మంట తగ్గింది. గుటక వినిపించింది!

"రోజుకి 8 నుంచి 12 సార్లు తాగుతారమ్మా, పాలు చాలక కాదు. రోజుకి ఆరుసార్లకి తగ్గకుండా ఉచ్చ పోస్తుంటే దిగులొద్దు."

ఆ రాత్రి నుంచి గుడ్డ మార్చినప్పుడల్లా అమ్మ క్యాలెండర్ మీద గీత గీసింది. ఒంగోలు నుంచి మా ఆయన ఫోన్ చేస్తే మొదటి మాట, "ఈరోజు ఎన్ని గీతలు?"

ఆశా అక్కలు 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికే వస్తారు. పుట్టింటికి వెళ్తే అక్కడి అక్కకి ముందే కబురు పెట్టండి.