వడ్డీ రేటు కంటే ముందు తీర్మానం

మున్సిపల్ బాండ్ (నగరపాలక సంస్థ అప్పు తెచ్చుకునే పత్రం) ఫైల్ చేతికొస్తే అందరి కళ్లూ వడ్డీ రేటు మీదే. లాయర్ మాత్రం ముందు ఆ అప్పుకోసం కౌన్సిల్ చేసిన తీర్మానం తిరగేయాలి. సమావేశానికి కోరం (కనీస హాజరు) ఉందా, నోటీసు గడువులోగా వెళ్లిందా, మినిట్స్‌లో (సమావేశ నమోదులో) రాసిన మొత్తమూ, బాండ్లు కొనేవాళ్లకిచ్చే ఆఫర్ పత్రంలోనిదీ ఒకటేనా? విసుగు పుట్టించే పనే.

అన్నిటికంటే ముఖ్యం, అప్పు చేసే అధికారం చట్టం ఇచ్చిందా అన్నది. అణు ప్లాంట్లు పూర్తికాకపోయినా డబ్బు కడతామని రాసిచ్చే అధికారం స్థానిక సంస్థలకు లేదని 1983లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. ఆ ప్లాంట్ల కోసం అమ్మిన 225 కోట్ల డాలర్ల బాండ్లు మునిగాయి. సంతకాలకేం, అన్నీ ఉన్నాయి!

ఇక ఎస్క్రో, అంటే అప్పు తీర్చడానికి విడిగా పెట్టే బ్యాంకు ఖాతా. పన్ను వసూళ్లు ముందు అందులో పడి, వాయిదా పక్కన పెట్టాకే మిగతాది జీతాలకు పోవాలి. బ్యాంకుకిచ్చే ఆదేశాన్ని ట్రస్టీ (బాండ్లు కొన్నవాళ్ల తరఫున చూసే సంస్థ) సమ్మతి లేకుండా మార్చే వీలుంటే ఆ ఎస్క్రో కాగితం మీదే.