చుక్కమ్మకు ఇల్లు కావాలి

ఈ రోజు పొద్దున్నే నోటుపుస్తకం ముందేసుకుని మా వీధి పిల్లి చుక్కమ్మ కాలి వైద్యం లెక్కలన్నీ రాశాను. ఎవరెంత పంపారు, ఏది దేనికి ఖర్చైంది, చేతిలో ఎంత ఉంది. బిల్లులు ఒక్కొక్కటీ ఫోటో తీసి తోట స్నేహితులందరికీ పంపాను. డబ్బు అడగడం ఒక ఎత్తయితే, తీసుకున్నాక రూపాయి రూపాయికీ లెక్క చెప్పడం ఇంకో ఎత్తు. వాళ్లలో చాలామంది ముఖం కూడా నేను చూడలేదు. చూడని మనిషిని నమ్మి పంపారు కాబట్టే లెక్క ఇంకా వివరంగా ఉండాలి.

చుక్కమ్మ మా వీధి చివర అవ్వ పెంచుకున్న పిల్లి. తెలుపు మీద నలుపు, నారింజ మచ్చలు. ఇలా మూడు రంగులుంటే దాదాపు ఎప్పుడూ ఆడపిల్లే అయ్యుంటుందట, ఆ నలుపు, నారింజలను నిర్ణయించే జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది కాబట్టి. అవ్వకు ఇదంతా తెలియదు, మచ్చలు చూసి చుక్కమ్మ అని పిలిచింది, అంతే. అవ్వ బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగితే కొడుకు వచ్చి గోదావరిఖని తీసుకెళ్లాడు. అక్కడ వాళ్లింట్లో కుక్క ఉంది, పిల్లిని తీసుకెళ్లే వీల్లేకపోయింది. తాళం వేసిన తలుపు ముందే కూర్చునేది చుక్కమ్మ. వీధిలో తలా ఇంత పెడుతూ వచ్చాం. ఒక రాత్రి వానలో ఏదో బండి గుద్ది వెనక కాలు తొడ ఎముక విరిగింది. గుద్దినవాళ్లు ఆగలేదు.

అప్పటినుంచి మా మిద్దె మీది గదిలో ఉంటోంది, ఎరువు బస్తాలకీ ఖాళీ కుండీలకీ మధ్య. కింద ఇంట్లోకి తెచ్చే అవకాశం లేదు. అత్తమ్మకు ఆయాసం, రోజూ ఇన్‌హేలర్ వాడాలి. పిల్లి దగ్గరికొస్తే అత్తమ్మకు దగ్గు ఆగదు, డాక్టర్ కూడా గట్టిగానే చెప్పారు. అయినా ఆమె రోజూ కింది నుంచే కేకేస్తుంది, "దానికి బువ్వ పెట్టినవా బిడ్డా?" అని. చుక్కమ్మకు వేరే ఇల్లు చూడాలనుకోవడానికి కారణం ఇదొక్కటే. నా ఇష్టమే అయితే ఎవరికీ ఇచ్చేదాన్ని కాదు.

తోట స్నేహితులంటే మిద్దె తోటల వల్ల ఫోనుల్లో పరిచయమైనవాళ్లు. సిద్దిపేట, జగిత్యాల, నర్సంపేట, విజయవాడ, ఎక్కడెక్కడి వాళ్లో ఉన్నారు. నేతి బీర, పొట్ల, చుక్కకూర విత్తనాలు కవర్లలో పెట్టి ఒకరికొకరం పోస్టులో పంపుకుంటాం. వాళ్లను విత్తనాలు తప్ప ఎప్పుడూ ఏదీ అడగలేదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు, కానీ మనిషి కష్టానికి అడగడం వేరు, పిల్లి కాలు కోసం అడగడం వేరు. ఇంతమంది మనుషులు ఆసుపత్రుల చుట్టూ తిరుగుతుంటే పిల్లికేంటి అనే ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. వచ్చింది కూడా. మా చుట్టాల్లోనే ఒకాయన "పిల్లికి గన్ని పైసలా?" అన్నాడు. ఇంకొకరు గోనెసంచిలో వేసి ఎనుమాముల మార్కెట్ దగ్గర వదిలేయమన్నారు, అక్కడ ధాన్యం ఉంటుంది, ఎలుకలకు కొదవ ఉండదని. మూడు కాళ్ల మీద కుంటే పిల్లి ఎలుకను ఎలా పడుతుంది? పెంచిన జంతువును ఆకలిదప్పులకు వదిలేసి పోవడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం కూడా. చట్టం లేకపోయినా నేను వదిలేదాన్ని కాదు.

అందుకే అడిగాను. దాచకుండా, తగ్గించకుండా రాశాను. ఎక్స్‌రేలకు 1,200, రక్త పరీక్షకు 700, మత్తు ఇచ్చి రాడ్ వేసినందుకు 9,000, మందులు, కట్లకు 1,600. ముందున్న ఖర్చు: రాడ్ తీయడానికి 2,000, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్‌కు 4,000, టీకాలకు 1,500. మొత్తం 20,000. ఇందులో 3,000 నేను పెట్టుకున్నాను, మిగతా 17,000 కావాలి అన్నాను. 18,650 వచ్చాయి. కాలేజీ చదివే ఒక అమ్మాయి 51 రూపాయలు పంపి, ఇంతే ఉన్నాయి అక్కా అని రాసింది. నర్సంపేట ఆవిడ 500 పంపి కింద "చిక్కుడు విత్తనాల బాకీ" అని పెట్టింది. ఆమె నాకు ఏ బాకీ లేదు. ఆ రెండు మెసేజ్‌లు చదివినప్పుడు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఎక్కువ వచ్చిన 1,650 కొత్త ఇంటికి వెళ్లేటప్పుడు దాని తిండికీ, అది దొడ్డికి కూర్చునే ఇసుకకూ ఇస్తాను, ఆ మాట కూడా ఈ పొద్దున రాసి పెట్టాను.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ఎందుకు, అది అనవసర ఖర్చు కదా అని ఇద్దరు ముగ్గురు అడిగారు. అనవసరం కాదు. పిల్లికి అయిదారు నెలలకే చూలు నిలుస్తుంది, రెండు నెలలు దాటగానే ఈనుతుంది, ఏడాదిలో రెండు మూడు ఈతలైనా ఆశ్చర్యం లేదు. ఒక్క చుక్కమ్మకు ఇల్లు వెతకడమే ఇంత కష్టమైతే దాని పిల్లలకు ఎక్కడ వెతకాలి? ఒకేసారి మత్తులో రాడ్ తీసి ఈ ఆపరేషన్ కూడా చేయొచ్చని డాక్టర్ చెప్పారు, దానికీ బాధ తగ్గుతుంది.

మామునూరు వెటర్నరీ కాలేజీలో చదివే అబ్బాయి ఒకతను, మా తోట స్నేహితురాలి కొడుకు, వీలున్నప్పుడల్లా వచ్చి కట్టు మారుస్తాడు. అతను చెప్పినవాటిలో ఒకటి అందరికీ తెలియాలి. నొప్పిగా ఉందని పిల్లికి మన పారాసిటమాల్ గోలీ వేయకూడదు. ఒక్క గోలీ దాని ప్రాణం తీయగలదు. దాన్ని విరగ్గొట్టి బయటికి పంపే ఎంజైము పిల్లి కాలేయంలో చాలినంత ఉండదు. పాపం మా ఎదురింటామె ప్రేమతోనే అర గోలీ తెచ్చింది, సమయానికి అతను అక్కడే ఉన్నాడు. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ పడిన కూర కూడా పెట్టకూడదు, రక్తకణాలు దెబ్బతింటాయి. మసాలా, ఉప్పు లేకుండా ఉడకబెట్టిన చికెన్ చాలు ఇప్పటికి.

కుట్లు నాకకుండా మెడ చుట్టూ ప్లాస్టిక్ కాలర్ ఉంది. దాంతో గిన్నెలో మూతి పెట్టలేక నేలకేసి కొట్టుకునేది. ఇప్పుడు చిన్న కుండీ ఒకటి బోర్లించి దానిమీద గిన్నె పెడుతున్నాను. ముందు ముక్కలన్నీ ఏరుకుని తింటుంది, తర్వాత ఉడికిన నీళ్లు తాగుతుంది, కలిపిన అన్నం మెతుకులు గిన్నె అంచుకు నెట్టేస్తుంది. ఆపరేషన్ కోసం తొడ మీద గొరిగిన చోట వెంట్రుకలు మళ్లీ వస్తున్నాయి. నారింజ మచ్చ ఉన్నచోట నారింజగానే, తెలుపు ఉన్నచోట తెల్లగానే. ఈ రోజు ఆ కాలు కొద్దిగా నేలకు ఆనించింది. బరువు వేయలేదు, ఆనించింది. నాకు చాలు.

డబ్బు వచ్చినంత తొందరగా ఇల్లు రాలేదు. దీని గురించే ఎక్కువ ఆలోచిస్తున్నాను. ఫోన్ తీసి 500 పంపడం ఒక నిమిషం పని, అది మంచి మనసుతో చేసిన పనే, ఆ మంచితనం లేకపోతే చుక్కమ్మ కాలు అతికేది కాదు. ఇల్లివ్వడం అలా కాదు. పిల్లి పదిహేనేళ్లు బతుకుతుంది, కొన్ని ఇంకా ఎక్కువే. అన్నాళ్లూ పొద్దున్నే ఇసుక ఎత్తిపోయాలి, ఊరెళ్తే ఎవరికో అప్పజెప్పాలి, ఇల్లు మారితే పిల్లిని ఒప్పుకునే ఓనరును వెతుక్కోవాలి. దానికి సరే అనడానికి జనం వెనకాడితే నేను తప్పుపట్టను. ఆలోచించకుండా సరే అనేవాళ్లంటేనే నాకు టెన్షన్.

అడిగినవాళ్లు లేకపోలేదు. నక్కలగుట్ట నుంచి ఒక కుటుంబం ఫోన్ చేసింది, చాలా మర్యాదస్తులు, కానీ ఇంట్లో మాంసం వండరు, పెరుగన్నం పెడతామన్నారు. పిల్లికి మాంసంలో దొరికే టారిన్ అనే పోషకం తప్పనిసరి, అది అందకపోతే కళ్లూ గుండే పాడవుతాయి. ప్యాకెట్ తిండిలో అది కలిపే ఉంటుంది, అదైనా పెడతారా అంటే ఇంట్లో మాట్లాడి చెబుతామన్నారు. ఇంకొకాయన బిడ్డ పుట్టినరోజుకు కానుకగా కావాలన్నాడు. కాలికి రాడ్ ఉంది, ఎత్తుకోకూడదు అంటే ఫోన్ పెట్టేశాడు. ఇంకొకరు నాలుగో అంతస్తు ఫ్లాట్, బాల్కనీకి జాలీ లేదు. పిట్టను చూసి దూకితే అంతే సంగతి. జాలీ వేయిస్తారా అని అడిగితే, పిల్లి ఎక్కణ్నుంచి పడినా కాళ్ల మీదే నిలబడుతుంది కదా అన్నారు. కాళ్ల మీదే పడినా ఎముకలు విరుగుతాయి.

ఇన్ని ప్రశ్నలు వేస్తే పిల్లిని ఎవరూ తీసుకోరని మా ఆయన అంటున్నాడు. ఆయన మాటలో నిజం ఉంది. కానీ పిల్లి తన కూనల్ని ఏడిళ్లు తిప్పినట్టు దీన్ని ఇల్లిల్లూ తిప్పలేను. ఒకసారి అవ్వ ఇల్లు పోయింది, ఇంకోసారి పోకూడదు.

ఈ సాయంత్రం కాజీపేట నుంచి ఇద్దరు పెద్దవాళ్లు వచ్చారు. ఆయన రైల్వేలో చేసి రిటైరైనవారు, సొంత ఇల్లు, కింది అంతస్తు, బండ్లు తిరగని సందు. ఇంతకుముందు వాళ్లకు పిల్లి ఉండేదట, ముసలిదై పోయింది. ఆమెకు మోకాళ్ల నొప్పులు, అయినా మెట్లెక్కి మిద్దె మీదికి వచ్చింది. వచ్చి చుక్కమ్మ దగ్గరికి పోలేదు, చేయి చాపలేదు, పేరు పెట్టి పిలవలేదు. గడప దగ్గరే ఒక పక్కకు తిరిగి చాప మీద కూర్చుని నాతో కూరగాయల గురించి మాట్లాడింది, నా గోరుచిక్కుడుకు పేను ఎందుకు పడుతోందని. చుక్కమ్మ బస్తాల వెనకనుంచి కాలర్ టకటకమని కొట్టుకుంటూ బయటికొచ్చింది. ఆమె కొంగు వాసన చూసింది, చెప్పులు వాసన చూసింది, మళ్లీ వెళ్లిపోయింది. ఆమె అప్పుడు కూడా చేయి చాపలేదు. "తొందరేం లేదు బిడ్డా, దానికి నేను తెలియాలె గదా" అంది. ఎవరి దగ్గరా వినని మాట అది.

నేను అడగకముందే ఆయన వంటింటి కిటికీకి జాలీ వేయిస్తామన్నారు. మొదటి వారం ఒకే గదిలో ఉంచాలి, అవ్వ పాత చీర ముక్క పక్కన వేయాలి, తిండి ఒక్కసారిగా మార్చకూడదు, ఏ కారణం వల్లనైనా పెంచలేకపోతే నాకే తిరిగివ్వాలి, ఇంకొకరికి ఇవ్వకూడదు అన్నాను. అన్నీ రాసివ్వమన్నారు. రాసిచ్చాను. రాత్రి గోదావరిఖనికి వీడియో కాల్ చేసి అవ్వకు చెప్పాను. వాళ్లు చికెన్ తింటరా అని అడిగింది ముందు. తింటరు అవ్వా అంటే నెమ్మదించింది. ఫోటో పంపమంది, వాళ్లది, పిల్లిది కాదు.

ఆదివారం వెళ్లి వాళ్లిల్లు చూస్తాను. అన్నీ బాగుంటే రాడ్ తీయించి, ఆపరేషన్ పుండు మానాక చుక్కమ్మ కాజీపేట వెళ్తుంది. ఒకవేళ కుదరకపోతే అన్న ఆలోచనతో రెండో ఇల్లు కూడా వెతుకుతూనే ఉన్నాను, హన్మకొండ, వరంగల్, కాజీపేట, దూరమైతే పరకాల, జనగామ వరకు. మిత్రులెవరికైనా అలాంటి ఇల్లు తెలిస్తే చెప్పండి. డబ్బు ఇక పంపొద్దు, సరిపోయింది. కాజీపేటలో ఉండే తోట స్నేహితులు ఎవరైనా నెలకోసారి అటు వెళ్లి పలకరించి వస్తే నాకు ధైర్యంగా ఉంటుంది, ఆ పెద్దాయన కూడా రమ్మనే అన్నారు.

ఇంకొక్కటి కావాలి. ఇంతవరకు రెండు కూరగాయల ట్రేలు ఒకదానిమీద ఒకటి బోర్లించి తాడుతో కట్టి ఆటోలో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. ఇప్పుడు దానికి కొంచెం బలం వచ్చింది, తాడు కొరికేస్తోంది. పిల్లుల్ని తీసుకెళ్లే మూత బుట్ట ఎవరి దగ్గరైనా ఉంటే కొన్నాళ్లు అరువివ్వండి. కొనొద్దు, పాతదైనా పర్వాలేదు, తలుపు గడియ గట్టిగా పడితే చాలు.