సరైన చోట బ్యాండ్ వచ్చింది, సరే... అది ఎవరిది? సీవైపీ3ఏ4 యాంటీబాడీతో నా అనుభవం

కాలేయంలో మందుల పని పట్టే ఎంజైములు చాలానే ఉన్నా మా ప్రాజెక్టంతా సైటోక్రోమ్ పీ450 (సీవైపీ) ఎంజైముల్లో ఒకటైన సీవైపీ3ఏ4 చుట్టూనే తిరిగింది. వాడకంలో ఉన్న మందుల్లో మూడో వంతుకు పైగా దీని చేతి మీదుగా పోయేవే. దీన్ని పెంచే క్షయ మందు రిఫాంపిసిన్ ఇచ్చిన కాలేయ కణాల్లో ఇది ఎంత పెరుగుతుందో వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రొటీన్లను జెల్ మీద సైజు వారీగా విడదీసి, కావలసినదాన్ని యాంటీబాడీతో పట్టి బ్యాండ్‌గా చూపే పద్ధతి) చూపించాలి. అందుకని కుందేలులో తయారుచేసిన పాలీక్లోనల్ యాంటీబాడీ (ఒకే ప్రొటీన్‌ను వేర్వేరు చోట్ల పట్టుకునే యాంటీబాడీల మిశ్రమం) తెప్పించాం. సీసా చేతికి రాగానే శాంపిళ్లు నడిపేద్దామనుకున్నాను. "ముందు అది దేన్ని పట్టుకుంటోందో తేల్చు" అన్నారు గైడ్ మేడమ్.

డేటాషీట్‌లో 57 కిలోడాల్టన్ల (ప్రొటీన్ బరువు కొలత) దగ్గర ఒకే ఒక్క బ్యాండ్, ముచ్చటగా ఉంది. చిక్కంతా అక్కడే. మనిషిలో 57 సీవైపీ జన్యువులున్నాయి. 3ఏ కుటుంబంలోనే 3ఏ4, 3ఏ5, 3ఏ7, 3ఏ43 ఉన్నాయి. 3ఏ4లో 503 అమైనో ఆమ్లాలు, 3ఏ5లో 502. వాటి వరస కూడా 80 శాతానికి పైగా ఒకటే. జెల్ మీద రెండూ ఒకే చోట ఆగుతాయి కాబట్టి బ్యాండ్ సరైన చోట ఉందన్న మాటకు పెద్ద విలువ లేదు.

అందుకే పురుగుల కణాల్లో విడివిడిగా తయారుచేసిన 3ఏ4, 3ఏ5, 3ఏ7 మైక్రోసోములు (సీవైపీలు ఉండే కణపు లోపొరల తునకలు) తెప్పించి, పికోమోల్ లెక్కన, అంటే అణువుల సంఖ్య చొప్పున, సమానంగా లోడ్ చేశాం. ఏ సీవైపీ లేని ఉత్త మైక్రోసోములు ఒక లేన్‌లో, హెప్‌జీ2 కణాలవి ఇంకో లేన్‌లో. కాలేయ క్యాన్సర్ నుంచి వచ్చినవైనా హెప్‌జీ2 కణాల్లో 3ఏ4 దాదాపు ఉండదు, కనుక అక్కడ ముదురు బ్యాండ్ వస్తే అనుమానించాల్సిందే.

మొదటి బ్లాట్‌లో 3ఏ4 బ్యాండ్ అంచులు నల్లగా, నడుమ తెల్లగా వచ్చింది, ఎవరో మధ్యలో రబ్బరుతో చెరిపేసినట్టు. ప్రొటీన్ మరీ ఎక్కువైతే సెకండరీకి (మొదటి యాంటీబాడీని పట్టుకునే రెండో యాంటీబాడీకి) ఉన్న పెరాక్సిడేజ్ ఎంజైము అక్కడి సబ్‌స్ట్రేట్‌ను (వెలుగిచ్చే రసాయనాన్ని) ఫొటో తీసేలోపే ఖాళీ చేసేస్తుంది. లోడ్ బాగా తగ్గించాక బ్యాండ్ నిండుగా కనిపించింది. శాంపిల్‌ను 95 డిగ్రీల్లో మరిగిస్తే కొంత ప్రొటీన్ ముద్దకట్టి బావి అంచునే ఉండిపోయేది, 70 డిగ్రీలకు దిగాక ఆ తంటా పోయింది.

లోడింగ్ కంట్రోల్ (అన్ని లేన్లలో ప్రొటీన్ సమానంగా పడిందని చూపే ప్రొటీన్) దగ్గర సీనియర్ అక్కతో చిన్న వాదన జరిగింది. తను ఎప్పుడూ వాడేది జీఏపీడీహెచ్. కానీ అది సైటోసాల్ (కణంలోని ద్రవం) ప్రొటీన్. సెంట్రిఫ్యూజ్‌లో లక్ష జీ (గురుత్వాకర్షణకు లక్ష రెట్లు) దగ్గర గంటసేపు తిప్పి అడుగున మైక్రోసోములను దింపితే అది ఎక్కువగా పైనీళ్లలోనే పోతుంది, మిగిలిన కాస్తా ఎంత బాగా కడిగామన్నదాన్ని బట్టి మారుతుంది. చివరికి మైక్రోసోములకు మూలమైన లోపొర, ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్‌లోనే ఉండే కాల్‌నెక్సిన్‌కు ఒప్పుకుంది.

ఫలితం చూశాక కాసేపు ఎవరం మాట్లాడలేదు. ఉత్త మైక్రోసోముల లేన్ శుభ్రంగా ఉంది. 3ఏ4 ముదురుగా ఉంది. 3ఏ5, 3ఏ7 కూడా పలచగానైనా స్పష్టంగా కనిపిస్తున్నాయి. ప్రైమరీని (మా సీవైపీ3ఏ4 యాంటీబాడీని) ఇంకా పలచన చేస్తే ఆ రెండూ మాయమవుతాయి. కానీ అది కనబడకుండా చేయడమే తప్ప పట్టుకోకుండా చేయడం కాదని నా వాదన. మేడమ్ వేరే దారి చూపించారు. 3ఏ5*3 రకం జన్యువు రెండు కాపీలూ ఉన్నవాళ్లలో 3ఏ5 ప్రొటీన్ చాలా తక్కువ. అలాంటి దాతల కణాలనే ఎంచుకున్నాం. 3ఏ7 ప్రధానంగా గర్భస్థ శిశువు కాలేయానిది, పెద్దవాళ్లలో సాధారణంగా తక్కువే. అయినా పేపర్‌లో "సీవైపీ3ఏ, ప్రధానంగా 3ఏ4" అనే రాశాం.

బ్లాట్‌తో పాటు మిడజోలామ్ హైడ్రాక్సిలేషన్ (ఈ ఎంజైము మిడజోలామ్ అనే మందును ఎంత మారుస్తోందన్నది) కూడా కొలిచాం. హెచ్‌ఐవీకి వాడే రిటోనావిర్ లాంటి మందు ఈ ఎంజైమును పెంచుతూనే దాని చేతులు కట్టేస్తుంది, బ్యాండ్ ముదిరినా పని పడిపోతుంది. యాంటీబాడీకి ఆ తేడా తెలియదు. పని చేయడానికి కావలసిన ఇనుమున్న హీమ్ భాగం ఊడిపోయి పనికిరాకుండా పోయిన ఎంజైమును కూడా అది పట్టుకుంటుంది.

ఈమధ్య అదే యాంటీబాడీ కొత్త లాట్ (తయారీ విడత) వచ్చింది, అంటే కుందేలే వేరై ఉండవచ్చు. పాత లాట్ మైనస్ 20లో చిన్న ట్యూబుల్లో దాచే ఉంది కాబట్టి రెండిటినీ పక్కపక్కన నడిపాం. ఈసారి 3ఏ7 కాస్త ఎక్కువగా మెరుస్తోంది.