కడియపులంక దారిలో మరువం మడులు

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచి ఈ సీమ గోదావరి తూర్పు డెల్టా కాలువ నీటి మీదే బతుకుతోంది కనుక, ఇక్కడి సేద్యం అనగానే ఎవరికైనా ముందు తలపుకు వచ్చేది వరి. నేను మాత్రం ఈ మాఘమాసంలో రాజమహేంద్రవరం నుంచి కడియం వైపు వెళ్లింది మరువం కోసం. పూలదండలో కనకాంబరాల నడుమ రెమ్మలుగా ఒదిగి, పూలు వాడిపోయాక కూడా వాసన విడవని ఆ మొక్క ఎలా పెరుగుతుందో మడి దగ్గర నిలబడి చూడాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

కడియపులంక, బుర్రిలంక ప్రాంతాల నర్సరీల గురించి తెలియనివారు తక్కువ. జాతీయ రహదారికి ఇరుపక్కలా కుండీలు, షేడ్‌నెట్ పందిళ్లు, లారీల్లోకి ఎక్కుతున్న మొక్కలు కనిపిస్తూనే ఉంటాయి. వాటిని దాటి గోదావరి గట్టు వైపు వెళ్లాక, చామంతి తోటల పక్కన ఒక చిన్న నేలచెక్కలో మరువం కనిపించింది.

జానెడు ఎత్తున్న మొక్కలు బూడిద కలిసిన పచ్చరంగులో గుబురుగా ఉన్నాయి. ఒక రెమ్మను వేళ్ల మధ్య తిప్పి చూస్తే కాడ గుండ్రంగా కాక నాలుగు పలకలుగా తగిలింది. ఆకులు ఎదురెదురుగా, ఒక జతకు పై జత అడ్డంగా పుట్టాయి. తులసి, పుదీనా, సబ్జా గింజలనిచ్చే రుద్రజడ, ఇవన్నీ మరువం కుటుంబానివే. మరువానికి దండలో తోడుగా ఉండే దవనం మాత్రం చామంతి కుటుంబానికి చెందినది. వాసనలో దగ్గరగా అనిపించినా పుట్టుక వేరు. మరువం ఆకు మీద సన్నని నూగు ఉంటుంది, దాని నడుమ కంటికి ఆనని నూనె గ్రంథులుంటాయి. ఆకును నలిపినప్పుడు అవి చిట్లడం వల్లనే ఒక్కసారిగా అంత పరిమళం వస్తుంది. రెమ్మల చివర మొగ్గలు చిన్న ముడుల్లా గుత్తులు కట్టి ఉన్నాయి. ఒకటి రెండు చోట్ల ఆవగింజంత తెల్లపూలు విచ్చుకున్నాయి.

మధ్యధరా సముద్రపు తూర్పు కొసన, సైప్రస్, దక్షిణ తుర్కియే ప్రాంతాల్లోని పొడి కొండవాలుల నుంచి వచ్చిన మొక్క ఇది. అటువంటిది ఈ నీటి సీమలో ఎలా నిలిచిందన్నదే నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆకట్టుకున్న విషయం. ఆ చెక్క సాగుచేసే పెద్దావిడను అదే అడిగాను.

“ఆయ్, వరికి నీళ్లు నిలవాలండి, దీనికి నిలవకూడదండి. ఒక్క రాత్రి నిలిచాయంటే వేరు కుళ్లిపోద్దండి బాబూ,” అంటూ ఆవిడ బోదెలు చూపించారు.

ఇసుక పాలు ఎక్కువున్న ఒండ్రు మట్టిలో పశువుల ఎరువు కలిపి, ఎత్తుగా బోదెలు తోలి, వాటి మీద మొక్కలు నాటారు. మట్టి పైపొర ఆరిందని చేత్తో తాకి చూశాకే నీరు పెడతారు. విత్తనం మరీ సన్నం కావడంతో నారు పోయడం కన్నా ముదరని కొమ్మలను బెత్తెడు ముక్కలుగా కోసి, కింది ఆకులు దూసి, తడి ఇసుకలో గుచ్చడమే ఆవిడకు ఇష్టం. మూడు నాలుగు వారాల్లో వేళ్లు వస్తాయి. ఎండ బాగా తగలాలి; నీడలో పెరిగితే కాడలు సాగిపోతాయే గాని వాసన పట్టదు.

కోత విషయంలో ఆవిడ చూపిన శ్రద్ధ నాకు ఎంతో గౌరవం కలిగించింది. మొగ్గ విచ్చకముందే, ఆకులో నూనె నిండుగా ఉన్నప్పుడు కోస్తారు. మొదలంటా కోయకుండా రెండు మూడు వేళ్ల ఎత్తు మోడు వదిలితే పక్క కణుపుల నుంచి మళ్లీ చిగుళ్లు వస్తాయి. మంచు ఆరిన తరువాతే కొడవలి పెడతారు, ఎందుకంటే తడి మీద కట్ట కడితే లోపలి ఆకు నల్లబడుతుంది. కట్టలను తడి గోనె మీద వదులుగా పేర్చి పూల మార్కెట్‌కు పంపుతారు. ఘనమైన పంటల లెక్కల్లో చోటు దొరకని ఈ ఆకు వెనుక ఇంత నేర్పు ఉందని దండ కొనే మనకు తెలియాలి.

అసలు పరీక్ష వానాకాలమేనని ఆవిడ అన్నారు. గోదావరికి వరద వచ్చే రోజుల్లో చెక్కలోని మొక్కల మీద ఆశ పెట్టుకోరు. బలమైన తల్లి మొక్కలను ముందుగానే కుండీల్లోకి మార్చి, ఇంటి వెనుక ఎత్తైన అరుగు మీద, వాన పడకుండా ప్లాస్టిక్ కప్పు కింద ఉంచుతారు. కార్తీకంలో వాటి కొమ్మలే మళ్లీ బోదెల మీదికి చేరతాయి.