కారు నా పేరు మీద, పాలసీ ఆయన పేరు మీద

రెండేళ్ల క్రితం హైదరాబాదులో సెకండ్‌హ్యాండ్ కారు కొన్నప్పుడు ఇంజను చప్పుడు విన్నాను, టైర్ల అరుగుదల చూశాను, సర్వీసు రికార్డు కూడా అడిగాను గాని ఇన్సూరెన్స్ కాగితాన్ని మాత్రం మడత విప్పి చదవలేదు. డ్యాష్‌బోర్డు అరలో, పాత పొల్యూషన్ సర్టిఫికెట్ల మధ్య ఉన్న ఆ కాగితాన్ని చూపిస్తూ, "ఇంకా ఏడు నెలలుంది తమ్ముడూ, నువ్విప్పుడు పైసా కట్టక్కర్లేదు" అని అమ్మినాయన అన్నారు. కలిసొచ్చిందనుకున్నాను. ఆర్‌సీ నా పేరుకు మారిన వారానికే మా అపార్టుమెంటు సెల్లారులో రివర్సు తీస్తూ స్తంభానికి తగిలించాను. వెనక డోరు సొట్టపోయి, తెరిస్తే మూసుకోదు, మూస్తే తెరుచుకోదు అన్నట్టు తయారైంది. షెడ్డులో కౌంటరు దగ్గరి అమ్మాయి ఆర్‌సీని, పాలసీని పక్కపక్కన పెట్టి చూసి, "సార్, రెండింటిలో పేర్లు వేరుగా ఉన్నాయండి" అంది. క్లెయిము అక్కడే ఆగింది. డోరు బాగుచేయించడానికి 18 వేలు నా జేబులోంచే పోయాయి.

తప్పు నాదే. మోటారు వాహనాల చట్టంలోని 157వ సెక్షన్, బండి చేతులు మారిన రోజు నుంచే పాలసీ కూడా కొన్నవారికి బదిలీ అయినట్టు భావించాలంటుంది. ఈ ఒక్క మాటను పట్టుకొని, బండ్లు అమ్మించే ఏజెంట్లతో సహా, చాలామంది ధీమాగా ఉంటారు. కాని ఆ బదిలీ థర్డ్ పార్టీ బాధ్యత, అంటే మన బండి వల్ల ఇతరులకు కలిగే నష్టం, వరకే వర్తిస్తుందని, సొంత బండికి కలిగే నష్టానికి కొన్నవారికీ కంపెనీకీ మధ్య ప్రత్యేకంగా ఒప్పందం ఉండాలని 1995లో కంప్లీట్ ఇన్సులేషన్స్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే ఆ రోజు నా కారు స్తంభానికి కాక దారినపోయే మనిషికి తగిలి ఉంటే, ఆయన పరిహారానికి ఆ పాలసీ అక్కరకొచ్చేది; నా డోరుకు మాత్రం రాలేదు. పాలసీలో పేరు మార్చమని, బండి చేతులు మారిన 14 రోజుల్లోగా కంపెనీకి దరఖాస్తు చేసుకోవాలని అదే సెక్షన్ చెబుతోంది. ఆ 14 రోజులూ నేను సీటు కవర్లు ఎంచుకోవడంలో గడిపాను.

పేరు మార్పించుకుంటే కొంత చెల్లించాల్సి వస్తుందన్న సంగతి కూడా అమ్మేవారు చెప్పరు. నో క్లెయిమ్ బోనస్ అనేది మనిషికి దక్కేదే గాని బండితో పాటు వచ్చేది కాదు. క్లెయిము లేకుండా ఏళ్లు గడిపినందుకు ఓన్ డ్యామేజ్, అంటే సొంత బండి నష్టానికి కట్టే, ప్రీమియంలో అమ్మినాయనకు 20 నుంచి 50 శాతం దాకా తగ్గింపు వచ్చి ఉంటుంది. పాలసీ మన పేరుకు మారితే, మిగిలిన నెలలకు ఆ తగ్గింపు మేరకు తేడా మనమే కట్టాలి. ఆయన మాత్రం కంపెనీ నుంచి ఉత్తరం తీసుకొని, అదే బోనస్‌ను మూడేళ్లలోపు తన కొత్త కారుకు వాడుకోవచ్చు. ఇది న్యాయమే; జాగ్రత్తగా నడిపింది ఆయనే కదా.

అమ్మేవారికీ ఇందులో చిక్కుంది. ఆర్‌సీ మారకుండా బండి రెండు మూడు చేతులు మారి ప్రమాదం జరిగితే, రికార్డులో పేరున్న వ్యక్తినే యజమానిగా చూడాలని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కాబట్టి ఆర్‌సీ బదిలీకి ఇచ్చే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి తాళాలు ఇచ్చేయగానే పని అయిపోయిందనుకోవడం అమాయకత్వమే.

షోరూంలో కొత్త కారు కొనేవారికి ఈ బెడద తక్కువ, ఇన్సూరెన్స్ లేనిదే రిజిస్ట్రేషన్ జరగదు. అయితే 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త కార్లకు మూడేళ్ల థర్డ్ పార్టీ కవరు తప్పనిసరి కావడంతో కొత్త పొరపాటు ఒకటి మొదలైంది. ఓన్ డ్యామేజ్ కవరును ఏడాదికే తీసుకున్నవారు కూడా, కాగితం మీద మూడేళ్ల తేదీ చూసి అంతా మూడేళ్లకే ఉందనుకుంటారు.

మొన్న మా బావమరిది నాలుగేళ్ల కారు ఒకటి చూడ్డానికి వెళుతూ నన్ను వెంటబెట్టుకెళ్లాడు. "ఫుల్ ఇన్సూరెన్స్ అండీ" అన్నారు అమ్మేవారు. నేను పాలసీని బానెట్ మీద పరిచి, ఛాసిస్ నంబరును ఆర్‌సీతో అంకె అంకె సరిచూసి, ప్రీమియం పట్టిక దగ్గరికొచ్చాను. ఓన్ డ్యామేజ్ అని ఉన్న గడిలో సున్నా ఉంది. ఆయన కళ్లజోడు సవరించుకొని తానూ వంగి చూశారు. ఏజెంటు ఎలా చెబితే అలా కట్టానన్నారు. అబద్ధమాడుతున్నారని నాకు అనిపించలేదు. ధరలో ఎనిమిది వేలు తగ్గించారు. మా వాడు తన పేరుతో పాలసీ చేతికొచ్చాకే తాళాలు తీసుకున్నాడు.